ప్రశ్న ఎవరిది?

(చివరి ఏడాది విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పరిశోధన అనగానే పీహెచ్‌డీ ఒక్కటే గుర్తొస్తుంది. కానీ ఐఐటీ మద్రాసులో, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఎంఎస్ బై రీసెర్చ్ అనే పీజీ డిగ్రీ కూడా ఉంది. ఎంటెక్‌లో క్లాసుల బరువు ఎక్కువ. ఎంఎస్‌లో కోర్సులు తక్కువ, థీసిసే ప్రధానం.

దీనికీ పీహెచ్‌డీకీ తేడా ఏమిటంటే చాలామంది ఏళ్లు లెక్కపెడతారు. నన్నడిగితే, ప్రశ్న ఎవరిదో చూడాలి. ఎంఎస్‌లో సమస్యను చాలావరకు గైడే చేతికిస్తారు. దాన్ని పద్ధతిగా పరిశోధించి, వచ్చిన ఫలితాన్ని సమర్థించుకోగలిగితే చాలు. పీహెచ్‌డీలో మొదట గైడ్ దారి చూపినా, అడగదగ్గ ప్రశ్న ఏదో పోనుపోను మీరే తేల్చుకోవాలి. అందులో కొత్తగా చెప్పిందేమిటో వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, బయటి పరీక్షకుడి ముందు నిలబడి చెప్పాలి. ఆ ప్రశ్న దొరకడానికే ఏడాది దాటిపోవచ్చు. ఇంట్లోవాళ్లకు అదంతా ఖాళీగా కూర్చున్నట్టే కనిపిస్తుంది. టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

సాహిత్యం, చరిత్ర చదివేవాళ్లకు ఇదివరకు ఎంఫిల్ ఉండేది. ఒకటి రెండేళ్లలో చిన్న థీసిస్ రాసి, పరిశోధన తమకు పడుతుందో లేదో చూసుకునేవారు. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనలు దాన్ని తీసేశాయి. క్లినికల్ సైకాలజీ లాంటి ఒకటి రెండింటికి మాత్రం తర్వాత కొంత గడువిచ్చారు. ఇది మంచి నిర్ణయమని నేననుకోను. తెలుగు ఎంఏ చేసి వచ్చిన పిల్ల ఇప్పుడు నేరుగా పీహెచ్‌డీలోకే దూకాలి. అవే నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వస్తే పీజీ కూడా అక్కర్లేదు! పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, మామూలుగా గరిష్ఠం 6 ఏళ్లు. ఆడవాళ్లకు మరో 2 ఏళ్ల వెసులుబాటు ఉంది.

డబ్బు సంగతీ చూసుకోండి. 2023 జనవరి నుంచి పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42 వేలు. ఫెలోషిప్ లేకుండా చేరితే మాత్రం కష్టం.

తేల్చుకోలేని ఇంజినీరింగ్ వాళ్లు ముందు ఎంఎస్‌లో చేరడం మేలు. ఐఐటీ మద్రాసులో అయితే మధ్యలో పీహెచ్‌డీకి మారే వీలుంది. ఎందులో చేరినా, అప్లై చేసేముందు ఆ గైడ్ దగ్గరున్న స్కాలర్లను కలవండి. సీనియర్లకు ఎన్నేళ్లు పట్టిందో, మధ్యలో ఎందరు మానేశారో అడగండి. గైడ్ గదిలో కాదు, క్యాంటీన్లో అడగండి.