ఈస్టరుకు కొత్త బట్టలు మానుకున్నవారు

(అమెరికాలోని ఒక తెలుగు క్రైస్తవ సహవాసంలో, శ్రమకాలపు ఉపవాస కూడికలో చేసిన ప్రసంగం)

ప్రియమైన సహోదరీ సహోదరులారా,

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలం మొదలవగానే ఈసారి ఏమి మానుకుంటున్నారని ఒకరినొకరు అడగడం మనకు అలవాటు. కొందరు మాంసం మానుతారు, కొందరు ఒక పూట భోజనం మానుతారు, మా పిల్లలైతే ఫోను తగ్గిస్తామంటారు. వీటిని నేను చిన్నచూపు చూడడం లేదు. మా నాయనమ్మ ఆ నలభై రోజులూ పొద్దుగూకేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టేది కాదు. నాకు ప్రార్థన నేర్పింది ఆమె ఉపవాసమే. అయితే దుర్మార్గులు కట్టిన కట్లను విప్పడమే తాను కోరిన ఉపవాసమని దేవుడు యెషయా గ్రంథం యాభై ఎనిమిదో అధ్యాయంలో అంటున్నాడు. అటువంటి ఉపవాసం ఒకటి ఈ దేశంలోనే జరిగింది.

అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో 1963లో ఈస్టరు ఏప్రిల్ 14న వచ్చింది. ఆ నగరంలో నల్లజాతివారు పెద్ద దుకాణాల్లో డబ్బిచ్చి బట్టలు కొనుక్కోవచ్చు గాని, అదే దుకాణంలో ఫలహారం పెట్టే బల్ల దగ్గర కూర్చుని తినడానికి వీల్లేదు. క్రిస్మస్ తరవాత వ్యాపారం జోరుగా సాగేది ఈస్టరు ముందు రోజుల్లోనే కనుక, నల్లజాతివారి హక్కులకోసం పోరాడుతున్న పాస్టర్ ఫ్రెడ్ షటిల్స్‌వర్త్, మార్టిన్ లూథర్ కింగ్, వారి సహచరులు ఆ రోజులనే ఎంచుకుని, ఆ దుకాణాల్లో ఏమీ కొనవద్దని తమవారిని కోరారు. పండుగనాడు పిల్లకు కొత్త గౌను తొడగలేకపోతే తల్లి మనసు ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అప్పుచేసైనా పండుగ బట్టలు తెచ్చిన ఇళ్ళనుంచే మనమంతా వచ్చాం. కింగ్ గారు శుభ శుక్రవారంనాడు, ఏప్రిల్ 12న, కూలిపని చేసేవారు తొడుక్కునే ముతక జీను బట్టలు వేసుకుని, కోర్టు నిషేధాన్ని కాదని ఊరేగింపుగా నడిచి అరెస్టయ్యారు.

జైలులో ఆయన చేతికి ఒక వార్తాపత్రిక వచ్చింది. ఈ ప్రదర్శనలు తెలివైనవి కావనీ, ఇది సమయం కాదనీ ఎనిమిదిమంది తెల్లజాతి మతపెద్దలు చేసిన ప్రకటన అందులో ఉంది. ఆయన తన జవాబును ఆ పత్రిక అంచుల్లోని ఖాళీ జాగాలోనే మొదలుపెట్టారు. ఏప్రిల్ 16 తేదీ వేసిన ఆ ఉత్తరాన్ని నేను ఏటా శ్రమకాలంలో చదువుతాను, చదివిన ప్రతిసారీ ఒకేచోట ఆగిపోతాను. ఆ ఎనిమిదిమంది ముసుగులు వేసుకుని ఇళ్ళు తగలబెట్టినవారు కారు. వారిలో బిషప్పులున్నారు, పాస్టర్లున్నారు, ఒక యూదు రబ్బీ ఉన్నారు. చట్టాన్ని గౌరవించాలని తమ తెల్లజాతివారికే హితవు చెప్పిన మర్యాదస్తులు వారు. అన్యాయం ఉందని వారికి తెలుసు. అయితే ఆ అన్యాయం వారి పిల్లల్ని ఏ బల్ల దగ్గరినుంచీ లేపలేదు, అందుకే ఓపిక పట్టమని వారు అంత తేలికగా చెప్పగలిగారు. పగపట్టినవారికంటే ఇటువంటి మంచివారే తమకు ఎక్కువ అడ్డమని కింగ్ గారు రాసినచోట నాకు నా ముఖమే కనిపిస్తుంది.

ఎందుకో చెబుతాను. మాది ప్రకాశం జిల్లా. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మా కుటుంబంలో విశ్వాసం ఆ తరం వారినుంచే మొదలైంది. అయినా మా తాత ఊరిబావి దగ్గర చేదను తాకకూడదు. ఎవరైనా దయతలచి పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగేవాడు, మోచేతులనుంచి నీళ్ళు కారిపోతుంటే. ఆయన మనవణ్ణి నేను. ఈ దేశంలో ఇల్లు చూసుకుంటున్నప్పుడు మనవాళ్ళలోనే ఒక పెద్దాయన, నా మేలు కోరే, “ఆ వైపు వద్దు బాబూ, అక్కడంతా వాళ్ళే ఉంటారు” అన్నారు. నల్లజాతివారి గురించే అంటున్నారని తెలిసీ నేను తలూపాను. “వాళ్ళు” అనే ఆ మాటతోనే కదా మా తాతను బావికి దూరంగా నిలబెట్టింది!

నా చదువుతో, నా కష్టంతో ఇక్కడికి వచ్చానని నేను చాలాకాలం అనుకున్నాను. కష్టం నిజమే. కాని 1946 చట్టం ప్రకారం ఈ దేశం భారతీయుల్ని ఏడాదికి సుమారు వందమందినే రానిచ్చేది. ఆ తలుపు తెరిచిన వలస చట్టం 1965లో వచ్చింది. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటుహక్కు చట్టం వచ్చిన రోజులే అవి. జాతిని బట్టి మనిషికి వెలకట్టకూడదని నల్లజాతివారు దెబ్బలు తిని, జైళ్ళు నింపి ఒప్పించిన కాలం గనుకనే మన పుట్టుక మీద పెట్టిన ఆ లెక్క కూడా పోయింది. నేను విత్తని పంటను కోసుకున్నాను, విత్తినవారు ఉండే వీధికి దూరంగా ఇల్లు కొనుక్కున్నాను. దీన్ని దేవుని యెదుట పాపమనే ఒప్పుకుంటున్నాను.

ఆ ఈస్టరు ఆదివారం బర్మింగ్‌హామ్‌లో నల్లజాతి విశ్వాసులు కొందరు తెల్లజాతివారి దేవాలయాలకు ఆరాధనకు వెళ్ళారు. కొన్నిచోట్ల వారిని వాకిట్లోనే ఆపేశారు. ఫస్ట్ బాప్టిస్ట్ సంఘపు పాస్టర్ ఎర్ల్ స్టాలింగ్స్ మాత్రం లోపలికి రానిచ్చారు. ఆ ఎనిమిదిమందిలో ఆయనా ఒకరు. కింగ్ గారు తన ఉత్తరంలోనే ఆయన్ని పేరుపెట్టి మెచ్చుకున్నారు. తప్పు సంతకం చేసిన చెయ్యి రెండురోజులకే తలుపు తెరిచిందన్న సంగతి నాకు ఎంతో ధైర్యమిచ్చింది.

ఆ ధైర్యంతోనే పోయిన ఏడు శుభ శుక్రవారంనాడు మా ఇంటికి రెండు మైళ్ళలో ఉన్న నల్లజాతివారి దేవాలయానికి వెళ్ళాను. పదకొండేళ్ళుగా దాని ముందునుంచే ఆఫీసుకు వెళుతున్నాను గాని, ఒక్కసారీ కారు ఆపలేదు. లోపల నిండిపోయింది. తెల్లబట్టలు కట్టుకున్న ఒక పెద్దావిడ బెంచీ మీదున్న తన సంచిని, బైబిలును ఒళ్ళోకి తీసుకుని, పక్కన చేత్తో తట్టి నన్ను కూర్చోమంది. పాట మొదలవగానే పుస్తకం తెరిచి ఒక అంచు నా చేతికిచ్చి, రెండో అంచు తాను పట్టుకుంది. 1963లో ఆమెకు పదేళ్ళు ఉండి ఉంటాయి. ఆ ఈస్టరుకు ఆమెకు కొత్త గౌను కొన్నారో లేదో అడగడానికి నాకు నోరు రాలేదు.