క్లారినెట్ నాదం ఎక్కడ పుడుతుంది?

సభకు నమస్కారం.

క్లారినెట్ కొనబోయేవారు ముందు అడిగేది కర్ర గురించే. నల్లచేవ కర్ర అయితేనే నాదం బాగుంటుందని గట్టి నమ్మకం. నిజానికి పలికేది గొట్టంలోని గాలి. లోపలి కొలతలు, రంధ్రాల అంచులు సరిగ్గా ఉంటే గోడ కర్రదా ప్లాస్టిక్‌దా అన్నది వినేవారికి తేల్చడం చాలా కష్టం.

సన్నాయి గొట్టం కిందికి వెళ్లేకొద్దీ విచ్చుకుంటుంది. అందుకే ఊపిరి పెంచితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. క్లారినెట్ గొట్టం మాత్రం చాలా మేరకు ఒకే వెడల్పు, దాదాపు 15 మిల్లీమీటర్లు. రీడ్ (ఊదితే కంపించే పలుచని బద్ద) ఉన్న కొస మూసినట్టే పనిచేస్తుంది. అలాంటి గొట్టంలో, ముఖ్యంగా కింది స్వరాల్లో, అసలు స్వరం కంపనాలకు 3, 5 రెట్లుండే బేసి అనుస్వరాలకే (స్వరంతో పాటే కలిసి పలికే పై నాదాలకే) బలం. బి-ఫ్లాట్ క్లారినెట్ అడుగు స్వరం సుమారు 147 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్ని కంపనాలు. మిగతా వేళ్లు కదపకుండా, పై స్వరాలకు మార్చే రిజిస్టర్ కీ నొక్కితే 440 పలుకుతుంది, అంటే మూడు రెట్లు. షడ్జం పట్టిన వేళ్లతోనే పై స్థాయి పంచమం వస్తుందన్నమాట.

ఇక రీడ్. నా దృష్టిలో డబ్బు, ఓపిక ముందు పెట్టాల్సింది దీని మీద, నోట పెట్టుకునే మౌత్‌పీస్ మీద. రీడ్ కొస మందం మిల్లీమీటరులో పదోవంతు. దానికీ మౌత్‌పీస్ కొసకూ మధ్య సందు సుమారు ఒక మిల్లీమీటరు. రీడ్ మరీ గట్టిదైతే స్వరంలో గాలి చప్పుడు కలుస్తుంది. మరీ మెత్తనిదైతే పై స్వరాలు దిగిపోతాయి, రీడ్ మూసుకుపోతుంది. కట్టేటప్పుడు కొస మౌత్‌పీస్ అంచుకు వెంట్రుకవాసి కిందుగా ఉండాలి. పక్కకు ఒరిగితే కీచుమంటుంది. రీడ్‌ను మౌత్‌పీస్‌కు పట్టి ఉంచే పట్టీ లిగేచర్. దాని మరల్లో పైదాన్ని బిగించేస్తే రీడ్ ఊపిరాడనట్టు పలుకుతుంది. కింది మర బిగించి, పైది తాకీతాకనట్టు వదలండి.

పెదవి పట్టు సడలిస్తే స్వరం సులువుగా దిగుతుంది, బిగిస్తే కొంచెమే ఎక్కుతుంది. ఎ.కె.సి. నటరాజన్ వంటి కర్ణాటక సంగీత క్లారినెట్ విద్వాంసుల గమకాలు వినేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోండి.

కింది స్వరాలు పలకకపోతే రీడ్‌ను తిట్టే ముందు ప్యాడ్లు (కీల కింద రంధ్రాలను మూసే మెత్తని బిళ్లలు) చూడండి. పై ముక్క విప్పి, వేళ్లతో రంధ్రాలు మూసి, అడుగున అరచెయ్యి అడ్డం పెట్టి పైనుంచి గాలి పీల్చండి. కొన్ని సెకన్లు పట్టు నిలవాలి. నిలవకపోతే, సన్నని కాగితం పీలికను ఒక్కో ప్యాడ్ కింద పెట్టి లాగండి. ఎక్కడ వదులుగా జారితే లీకు అక్కడే.

శ్రుతి చూడటం వాద్యం ఊపిరితో వేడెక్కాకే. పిచ్ ఎక్కువుంటే, మౌత్‌పీస్ కిందుండే పొట్టి ముక్క బ్యారెల్‌ను కొద్దిగా బయటికి లాగండి. ఎక్కువ లాగితే, పొట్టి గొట్టంతో పలికే గొంతు స్వరాలు మిగతావాటికంటే బాగా దిగిపోతాయి. అప్పుడు కొంత నడుమ అతుకు దగ్గర కూడా లాగి సర్దుకోవాలి.