జార్జియా ఈయూలో లేదండీ! మరి యూరప్ తన పొరుగు దేశాలకు ఏమిస్తుంది?

నమస్తే అండీ. పోయిన వారం ఒక తండ్రి ఫోన్ చేశారు. కొడుకుని ఎంబీబీఎస్‌కి జార్జియా పంపుతున్నారట. "సీటొస్తే చాలట కదండీ, వీసా లేకుండా యూరప్ అంతా తిరగొచ్చట" అన్నారు. ఎవరు చెప్పారంటే, కన్సల్టెన్సీ వాళ్లు. ఈ మాట వినడం నాకిది ఎన్నోసారో లెక్కలేదు. లక్షలు అప్పు చేసి పంపేవాళ్లకి ఇలా చెప్తుంటే ఒళ్లు మండుతుంది. అందుకే ఈ వీడియో.

జార్జియా యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో లేదు. 2017 మార్చి 28 నుంచి వీసా అక్కర్లేని మాట నిజమే, కానీ అది జార్జియా పౌరులకి. అదీ బయోమెట్రిక్ పాస్‌పోర్ట్ ఉంటేనే, 180 రోజుల్లో 90 రోజులే. అక్కడ చదువుకునే మన పిల్లలకి షెంగెన్ వీసా, అంటే యూరప్‌లోని చాలా దేశాలు తిరగడానికి ఇచ్చే ఒకే వీసా, తప్పదు.

మరి ఆ దేశస్థులకి ఎందుకిచ్చారు? ఊరికే ఇవ్వలేదు. నాకు బాగా నచ్చే సంగతి ఇక్కడే ఉంది.

(స్క్రీన్ మీద మ్యాప్)

ఉక్రెయిన్, మోల్డోవా, బెలారస్, జార్జియా, అర్మేనియా, అజర్‌బైజాన్. 2009లో ప్రాగ్‌లో ఈ ఆరు దేశాలతో ఈయూ 'తూర్పు భాగస్వామ్యం' మొదలుపెట్టింది. ఇదెలా నడుస్తుందో తెలియాలంటే మన ఊళ్లో ఇందిరమ్మ ఇల్లు గుర్తు తెచ్చుకోండి. మంజూరు కాగితం వచ్చిన రోజున డబ్బులు పడవు. ముందు బేస్‌మెంట్ లేపాలి. పంచాయతీ కార్యదర్శి వచ్చి ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి. అప్పుడు మొదటి బిల్లు. గోడలు లేస్తే ఇంకోటి, స్లాబ్ పడితే ఇంకోటి. ఈయూ కూడా అంతే, సంస్కరణలు చేసి చూపిస్తేనే ఏదైనా ఇస్తుంది.

మోల్డోవానే చూద్దాం. రొమేనియాకీ ఉక్రెయిన్‌కీ మధ్య ఇరుక్కున్న చిన్న దేశం. 2011 జనవరిలో ఈయూ దాని చేతిలో, వీసా అక్కర్లేకుండా చేయాలంటే ఏం చేయాలో ఒక పనుల జాబితా పెట్టింది. పాస్‌పోర్టులో చిప్ ఉండాలి, సరిహద్దు పోలీసు వ్యవస్థ మారాలి, మనుషుల మధ్య వివక్షని అడ్డుకునే చట్టం రావాలి. ఆ చట్టాన్ని అక్కడి చర్చి గట్టిగా వ్యతిరేకించింది. అయినా 2012 మేలో పార్లమెంటు ఆమోదించింది. పని ఎంతవరకు వచ్చిందో ఈయూ ప్రధాన కార్యాలయాలుండే బ్రసెల్స్ నుంచి వచ్చి చూసుకున్నారు. 2014 ఏప్రిల్ 28న వీసా అవసరం తీసేశారు. మన ఇందిరమ్మ ఇంటి లెక్కలో చెప్పాలంటే, ఆరు దేశాల్లో అందరికంటే ముందు బిల్లు తెచ్చుకుంది మోల్డోవానే.

అదే ఏడాది చివర్లో మూడు బ్యాంకుల్లోంచి దాదాపు 100 కోట్ల డాలర్లు మాయమయ్యాయి. ఆ దేశం ఏడాది సంపాదనలో ఎనిమిదో వంతు! 2015లో ఈయూ బడ్జెట్ సాయం ఆపేసింది. సిమెంటు అమ్ముకున్నవాడికి స్లాబ్ బిల్లు ఎవరిస్తారు? ఆపడం న్యాయమే. కానీ అంతకుముందు దాకా మోల్డోవాని అందరికీ ఆదర్శమని పొగిడింది కూడా ఈయూనే. ఫోటోలో గోడ చూశారు గానీ, గోడలో ఇటుక చూడలేదు. నన్నడిగితే అది వాళ్ల తప్పే.

ఇల్లు కట్టాక కరెంటు కావాలి కదా. ఇది వినండి. ఉక్రెయిన్, మోల్డోవా గ్రిడ్‌లు, అంటే కరెంటు సరఫరా లైన్ల వ్యవస్థలు, సోవియట్ కాలం నుంచీ రష్యాతో కలిసి ఉండేవి. యూరప్ గ్రిడ్‌లో కలవాలంటే ముందు ఆ లైన్ వదిలేసి, సొంతంగా నిలబడగలమని చూపించాలి. మూడు రోజుల పరీక్ష పెట్టుకున్నారు. అది మొదలైంది 2022 ఫిబ్రవరి 24 తెల్లవారకముందు. కొన్ని గంటల్లోనే రష్యా దాడి. ఇక వెనక్కి వెళ్లి ఆ లైన్ కలుపుకోలేదు. మూడు వారాలు, బాంబుల మధ్య, ఏ తోడూ లేకుండా గ్రిడ్ నడిపారు. మార్చి 16న యూరప్ గ్రిడ్‌లో కలిపేశారు. అసలు అనుకున్నది 2023కి! ఏళ్ల తరబడి చేసిన సంస్కరణ పని ఆ రోజు లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఒక్క చోట నా ఇందిరమ్మ ఇంటి పోలిక సరిపోదు. మనకి ఇల్లు పూర్తయితే అది మనదే. వీళ్లకి ఎంత కట్టినా కాలనీలో, అంటే ఈయూలో, సభ్యత్వం ఇస్తామన్న మాటే చాలా ఏళ్లు లేదు. ఈయూ సంస్థల్లో చోటు తప్ప అన్నీ పంచుకుంటామని 2002లోనే రోమానో ప్రోడి చెప్పారు. అప్పుడాయన ఈయూ పాలనా యంత్రాంగమైన యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు. యుద్ధం వచ్చాకే అది మారింది. 2022 జూన్ 23న ఉక్రెయిన్‌కీ మోల్డోవాకీ అభ్యర్థి హోదా, అంటే ఈయూలో చేరే వరసలో చోటు, ఇచ్చారు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. 2024 అక్టోబర్ రిఫరెండం (ప్రజాభిప్రాయ ఓటింగ్)లో మోల్డోవా ప్రజలు ఈయూ వైపే ఓటేశారు, కానీ తేడా 11 వేల ఓట్లు కూడా లేదు. మోల్డోవాకి 2025 నుంచి 2027 దాకా ఈయూ ఇచ్చే దాదాపు 190 కోట్ల యూరోల ప్యాకేజీ ఉంది. ఎక్కువ భాగం అప్పే, అదీ సంస్కరణలు చూసి వాయిదాల్లో ఇచ్చేది. బెలారస్ 2021లోనే ఈ తూర్పు భాగస్వామ్యం నుంచి పక్కకి తప్పుకుంది. జార్జియాకి 2023 డిసెంబర్‌లో అభ్యర్థి హోదా వచ్చింది. 2024 నవంబర్‌లో వాళ్ల ప్రభుత్వమే 2028 దాకా ఈయూలో చేరిక చర్చలు వద్దంది. ఆ రాత్రి నుంచే రాజధాని టిబిలిసిలో రుస్తావెలి వీధి నిరసన తెలిపే జనంతో నిండిపోయింది. 2025 జనవరిలో జార్జియా దౌత్య పాస్‌పోర్టులకి వీసా మినహాయింపుని ఈయూ ఆపేసింది. అంటే ఇచ్చిన బిల్లు వెనక్కి కూడా తీసుకుంటారు.

ఆ తండ్రితో ఒకటే అన్నాను, ఆ వీసా మాట కాగితం మీద రాసిమ్మని అడగండి అని. టిబిలిసిలో చదువుతున్న మనవాళ్లు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, షెంగెన్ వీసాకి ఎక్కడ అప్లై చేశారు, ఎన్ని రోజులు పట్టింది, కామెంట్‌లో రాయండి. ఆయనకి పంపిస్తాను.