"వాళ్ళు ఎప్పుడు మారారండీ?" అని అడక్కండి ప్లీజ్

అందరికీ వందనాలు. ఇరాక్ నుంచో సిరియా నుంచో చెదిరిపోయిన, అరబిక్ మాట్లాడే క్రైస్తవ విశ్వాసుల కోసం ప్రార్థన చేద్దాం అనగానే మనవాళ్ళలో ఎవరో ఒకరు "వాళ్ళు ఎప్పుడు మారారండీ?" అంటారు, అంటే క్రైస్తవంలోకి ఈమధ్యే వచ్చారనుకుంటారు, నాకు ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. అపొస్తలుల కార్యములు 2:11 తీయండి, యెరూషలేములో తొలి సంఘం మొదలైన పెంతెకొస్తు రోజు అక్కడ అరబీయులున్నారు. మోసుల్ దగ్గర కొండ మీద మార్ మత్తయి ఆశ్రమం 4వ శతాబ్దం నాటిది. పాత సంఘాలండీ ఇవి.

సరే, ఒక ఫ్యామిలీ అనుకుందాం. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, నానమ్మ. ఊరు ఖరఖోష్, ఇరాక్‌లో పెద్ద క్రైస్తవ పట్టణం. 2014 ఆగస్టు 6 రాత్రి ఐసిస్ ఉగ్రవాదులు వస్తున్నారని తెలిసి ఊరు ఊరంతా ఖాళీ అయిపోయింది, వీళ్ళు కట్టుబట్టలతో ఎర్బిల్ పక్కనున్న అంకావా చేరి చర్చి ఆవరణలో టెంట్ వేసుకున్నారు. ఇప్పుడు కెనడా వెళ్దామంటే కుదరదు! ఇంకా ఇరాక్‌లోనే ఉన్నారు కాబట్టి స్పాన్సర్‌షిప్ (అక్కడి సంఘం బాధ్యత తీసుకుని శరణార్థుల్ని రప్పించుకోవడం) రూల్స్ ప్రకారం వాళ్ళు శరణార్థులు కాదు, ముందు దేశం దాటాలి. అందుకని జోర్డాన్, అమ్మాన్‌లో అద్దె గది. అక్కడ ఇరాకీలకి వర్క్ పర్మిట్ దొరకడం చాలా కష్టం, దాచుకున్నది కరిగిపోతుంది, కెనడాకి పెట్టుకున్న ఫైల్ ఏళ్ళ తరబడి కదలదు, పిల్లల చదువు ఆగిపోతుంది. నన్నడిగితే పరిచర్యలో అసలు పని ఇక్కడే, అద్దె, నానమ్మ బీపీ మందులు, పిల్లలకి క్లాసులు, కానీ కానుకలు ఎక్కువగా వచ్చేది వాళ్ళు కెనడాలో విమానం దిగాకే.

కెనడాలో 1979 నుంచి ప్రైవేట్ స్పాన్సర్‌షిప్ ఉంది. సంఘమే సంతకం పెట్టి సుమారు 12 నెలలు ఇల్లు, తిండి, బట్టలు, స్కూల్ అడ్మిషన్ అన్నీ చూసుకుంటుంది. బాగుంది. కానీ ఆదివారం వస్తే మన నానమ్మని ఇంగ్లీష్ ఆరాధనలో కూర్చోబెడతారు, ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాదు, చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన ప్రార్థనలు అక్కడ వినపడవు. డల్లాస్‌లో ఇంగ్లీష్ గడగడా మాట్లాడే మన తెలుగువాళ్ళే తెలుగు ఆరాధన కోసం అంత దూరం డ్రైవ్ చేసుకుని వెళ్తారు కదా, మరి నానమ్మకి అక్కర్లేదా? వాళ్ళని మన సంఘంలో కలిపేసుకుంటే పని అయిపోయినట్టు కాదు. ఆదివారం మధ్యాహ్నం హాలు ఇవ్వండి, వాళ్ళ చర్చి ఫాదర్‌ని రానివ్వండి, తాళాలు వాళ్ళ చేతికే ఇవ్వండి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. ఇస్లాం నుంచి వచ్చిన విశ్వాసులూ ఉన్నారు, వాళ్ళ సంగతి వేరు, ఫోటోలు పెట్టొద్దు, స్టేజి ఎక్కించి సాక్ష్యం చెప్పమని ఒత్తిడి చెయ్యొద్దు, ఊళ్ళో ఉండిపోయిన అన్నదమ్ములకి ప్రాణం మీదకొస్తుంది. ఇంకోటి, నాన్న ఇరాక్‌లో ఇంజనీర్ అయినా కెనడాలో ఆ సర్టిఫికెట్ నేరుగా పనికిరాదు, పరీక్షలు రాయాలి, లైసెన్స్ తెచ్చుకోవాలి, 13వ నెల నుంచి సంఘం ఇచ్చే డబ్బు ఆగిపోతుంది, కాబట్టి ఉద్యోగం గురించి మొదటి నెలలోనే కూర్చుని మాట్లాడండి, అరబిక్ వచ్చిన మనిషిని పక్కన పెట్టుకుని.