ఓరుగల్లు కథ బస్తర్‌లో ఇంకా నడిచింది

అందరికీ నమస్కారం. మన స్కూలు పుస్తకాల్లో కాకతీయుల పాఠం 1323తో అయిపోతుంది. ఓరుగల్లు పడిపోయింది, ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీ సైన్యం పట్టుకుపోయింది, అంతే. కానీ ఇప్పటి ఛత్తీస్‌గఢ్ దక్షిణాన ఉన్న బస్తర్‌లో ఆ కథ 1948 దాకా నడిచిందంటారు. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఆ అడవుల్లోకి వెళ్లి రాజ్యం కట్టాడని అక్కడి రాజవంశం చెప్పుకునే మాట.

ఆ రాజుల కులదేవత దంతేశ్వరి అమ్మవారు అన్నమదేవుడితో "నీ వెనకే వస్తాను, తిరిగి చూడకు" అందట. ఈయన అందెల చప్పుడు వింటూ ముందు నడిచాడు. శంఖిని, డంకిని నదులు కలిసే చోట అందెలు ఇసుకలో కూరుకుపోయి చప్పుడు ఆగింది, ఉండబట్టలేక తిరిగి చూశాడు, అమ్మవారు అక్కడే ఆగిపోయింది. అదే దంతెవాడ. ఆ గుడిలోకి మగవాళ్లు ప్యాంటుతో వెళ్లకూడదు, పంచె కట్టాల్సిందే. ఎదురుగా గరుడ స్తంభం ఉంటుంది. దానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి చుట్టి వేళ్లు కలపగలిగితే కోరిక తీరుతుందని నమ్మకం.

1948లో బస్తర్, కాంకేర్ సంస్థానాలు కలిపి ఒకే జిల్లా చేశారు. సుమారు 39 వేల చదరపు కిలోమీటర్లు, అంటే కేరళ కంటే పెద్దది! ఇప్పుడు అదే నేల ఏడు జిల్లాలు. ఒడిశాలో పుట్టిన ఇంద్రావతి జగదల్‌పూర్ పక్కనుంచి పోయి, చిత్రకోట్ దగ్గర ఒక్కసారిగా కిందికి దూకి, చివరికి మన గోదావరిలోనే కలుస్తుంది.

నాకు మాత్రం రాజుల కంటే 1910 భూమ్‌కాల్, అంటే బస్తర్ ఆదివాసుల తిరుగుబాటు, ముఖ్యం. 1905లో బ్రిటిష్ వాళ్లు మూడింట రెండొంతుల అడవిని రిజర్వు చేస్తామన్నారు. పోడు బంద్, వేట బంద్, పైగా వెట్టి, కరువు. మామిడి కొమ్మలు, మిరపకాయలు, మట్టిబెడ్డలు, బాణాలు ఊరూరా తిరిగాయి, అదే పిలుపు. నేతానార్ ఊరి గుండాధూర్ ముందు నిలిచాడు. సైన్యం వచ్చి అణిచేసింది గానీ గుండాధూర్ దొరకలేదు, రిజర్వు చేయాలనుకున్న అడవిని కూడా దాదాపు సగానికి తగ్గించాల్సి వచ్చింది. దీన్ని మన పిల్లలకు ఎందుకు చెప్పం?

స్వతంత్రం వచ్చాక కూడా నెత్తురు ఆగలేదు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజమహల్లోనే పోలీసు కాల్పుల్లో బస్తర్ మాజీ మహారాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ చనిపోయారు, ఆయనతో పాటు ఆదివాసులూ.

బస్తర్ చూడాలంటే విశాఖలో కిరండూల్ ప్యాసింజర్ రైలు ఎక్కండి, అరకు మీదుగా జగదల్‌పూర్‌లో దిగొచ్చు. దారిలో ఎదురొచ్చే గూడ్సు బళ్లను చూడండి. వాటిలో ఉండేది దంతెవాడ వైపు బైలాడిలా కొండల ఇనుప రాయి, మన విశాఖ పోర్టుకే వస్తోంది.