మాట్లాడితే ఏం మారుతుంది?

అందరికీ నమస్కారం.

కౌన్సెలింగ్ అనగానే చాలామంది ఒకే మాట అడుగుతారు: "మాట్లాడినంత మాత్రాన నా కష్టం తీరుతుందా?" న్యాయమైన ప్రశ్నే. మాట్లాడితే అప్పు తీరదు, పోయిన ఉద్యోగం తిరిగి రాదు. మరి ఏం మారుతుంది? ఈరోజు దాని గురించే చెబుతాను.

పరీక్ష ముందు టెన్షన్, అయినవాళ్లు పోతే దుఃఖం మనుషులందరికీ ఉండేవే. కానీ దిగులు రోజులో చాలాసేపు, కనీసం రెండు వారాలపాటు వదలకుండా ఉండి, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయి, నిద్ర, ఆకలి దెబ్బతింటే అది డిప్రెషన్ కావచ్చు. అది ఏడుపుగానే బయటపడాలని లేదు. కొందరిలో చిరాకుగా, ఇంకొందరిలో తగ్గని ఒళ్లునొప్పులుగా కనిపిస్తుంది. మంచం మీంచి లేవడానికే ఓపిక లేని మనిషిని పట్టుకుని "బద్ధకం" అనేస్తాం. ఆ మాట ఎంత లోతుగా గుచ్చుకుంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఇక కౌన్సెలింగ్ గదిలో జరిగేది చూద్దాం. ఒకామె చెబుతోంది అనుకోండి: "నా మెసేజ్ చూసి కూడా స్నేహితురాలు జవాబివ్వలేదు."

"అప్పుడు మీకేమనిపించింది?"

"నేనంటే ఎవరికీ ఇష్టం లేదని."

"ఆ మాట మీద నమ్మకం వందకి ఎంత?"

"తొంభై."

ఇక్కడ కౌన్సెలర్ "అలా అనుకోకండి" అనరు. జవాబు రాకపోవడానికి ఇంకేం కారణాలు ఉండొచ్చో ఆమెనే వెతకమంటారు. పనిలో ఉందేమో, తర్వాత రాద్దామనుకుని మరిచిపోయిందేమో. పోయిన వారం తనే ఫోన్ చేసింది కదా! మళ్లీ అడిగితే తొంభై కాస్తా యాభైకి దిగుతుంది. మనసులో మెదిలిన ప్రతి ఊహా నిజం కాదని ఆమెకే తెలిసివస్తుంది. 1960ల్లో ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ వేసిన దారి ఇది. ఇలాంటి సాధన వారాల తరబడి సాగాలి, ఇంటి దగ్గర కూడా చేయాలి. ఒక్క సిట్టింగ్‌తో తేలిపోదు.

కొందరికి మందులు కూడా కావాలి. డిప్రెషన్ మందులు పనిచేయడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. కాస్త తేరుకోగానే సొంతంగా ఆపేయకండి. కౌన్సెలర్‌తో మనసు కలవకపోతే మరొకరి దగ్గరికి వెళ్లండి, అందులో తప్పేమీ లేదు. మీరు చెప్పింది వాళ్లు సాధారణంగా బయట పెట్టరు, ప్రాణానికి ముప్పు ఉన్నట్టు అనిపిస్తే తప్ప.

ఆ ముప్పు మీ ఇంట్లోనే కనిపిస్తే నేరుగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడకండి, అలా జరగదు. చాలామందికి ఆ ప్రశ్నతోనే సగం భారం దిగుతుంది. అవునంటే వాదించకండి, ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రలు చేతికి అందకుండా తీసేసి, వెంటనే ఆసుపత్రికి మీరే వెంట తీసుకెళ్లండి.