మొదటి తూము పేరు లాభం

(ఒక వ్యవసాయ కళాశాల విద్యార్థుల ముందు ఒక మహిళా రైతు చేసిన ప్రసంగం)

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, మీకూ.

మీ సార్లు ఫోన్ చేసి, "చిన్న కమతంలో కుటుంబం, విశ్వాసం గురించి ఒక అరగంట మాట్లాడమ్మా" అన్నారు. కమతం అంటే ఒక రైతు చేసే సేద్యం భూమి అంతా కలిపి అంట. ఆ మాట మా ఊళ్ళో ఎవరి నోటా వినలేదు. మాకుండేది 2 ఎకరాల 30 సెంట్లు. చెరువు కింద ముప్పావు ఎకరా కయ్య, తక్కినదంతా చేను. ప్రభుత్వం లెక్కలో రెండున్నర ఎకరాల లోపైతే సన్నకారు, 5 ఎకరాల లోపైతే చిన్నకారు. 2015-16 లెక్కల్లో ఈ రెండు రకాలవీ కలిపితే దేశంలోని కమతాల్లో నూటికి 86 అంట. అంటే సేద్యంలో ఉండేది ఎక్కువగా మాలాంటోళ్ళమే. పుస్తకం అట్ట మీద మాత్రం పెద్ద ట్రాక్టరు బొమ్మ వేస్తారు, ఎందుకో.

మాది చిత్తూరు జిల్లాలో పడమటి వైపు. తెల్లారి నాలుగున్నరకు లేస్తాను. రెండు ఆవులు, ఒక దూడ. పేడ తీసి, పొదుగు కడిగి కూర్చున్నాక మొదటి రెండు ధారలూ చెంబులో పట్టకూడదని మా అత్త నేర్పింది. "ముందు భూదేవికి, ఆ తర్వాతే మనకు" అని నేల మీద పిండేది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ పాలు దండగ కదా అనిపించేది నాకు. కొన్నేళ్ళకు పశువుల డాక్టరు ఊళ్ళో శిబిరం పెట్టి, మొదటి ధారల్లో క్రిములు ఎక్కువ, వాటిని పాలల్లో కలపొద్దు, విడిగా గిన్నెలో పిండి గడ్డలున్నాయేమో చూసుకోండి, పొదుగువాపు ఉంటే మొదట్లోనే తెలుస్తుంది అన్నాడు. ఇంటికొచ్చి చెబితే మా అత్త, "నేను చెప్పిందీ అదే కదమ్మే" అంది.

అదే కాదు. ఆమె పిండేది, చూసేది కాదు. మట్టిలోకి ఇంకిపోయిన పాలలో గడ్డలెట్లా కనబడతాయి? ఒక మంచి ఆవుకు ఒక చన్ను అట్లనే ఎండిపోయింది. ఇప్పుడు నేను గిన్నెలో పిండి, చూసి, కొట్టానికి దూరంగా జామచెట్టు మొదట్లో పోస్తాను. భూదేవి అక్కడా ఉంది కదా.

విశ్వాసం గురించి నాకు తెలిసింది ఇంత మాత్రమే. పెద్దోళ్ళు చెప్పిన పనిలో సగం నిజమైన పని. తక్కిన సగం మనం చూసి చేసుకోవాల.

కనుమ పండగ చూడండి. మీలో పట్నం పిల్లలకు కనుమ అంటే మాంసం. మాకు ఆ పొద్దంతా గొడ్లదే. నల్లేరు, మద్దిచెక్క, నేరేడుచెక్క, ఇంకా ఏవేవో ఆకులూ చెక్కలూ తెచ్చి, ఉప్పు వేసి రోట్లో దంచుతారు. దాన్నే ఉప్పుచెక్క అంటాము. ఆవు నాలుక పక్కకు లాగి పట్టుకుని గొంతులోకి తోయాల. కడుపులో పురుగుకు మందు అనేవాడు మా మామ. నాటు ఎద్దులు తలవంచి మింగేవి. మా జెర్సీ ఆవు మా ఆయన చెయ్యి కొరికింది. దానికి కనుమ తెలియదు పాపం. సాయంత్రం పొంగలిలో పసుపూ కుంకుమా కలిపి "పొలి, పొలి" అని అరుస్తా చేలంతా చల్లుతాము. ఆ అరుపు ఈ గెనిమ నుంచి, అంటే ఈ గట్టు నుంచి, ఆ గెనిమకు పోతుంది. అప్పులిచ్చినోళ్ళూ అప్పులున్నోళ్ళూ ఒకే గొంతుతో అరుస్తారు ఆ ఒక్క పొద్దే.

ఇంక కళ్ళం. ఇది కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే మీరు కళ్ళం చూసుండరు.

పేడతో అలికి, ఎండబెట్టి, వరి కట్టలు బండకేసి కొట్టేవాళ్ళం. తూర్పారబట్టి రాశి పోసినాక, రాశి మీద కొడవలి గుచ్చి, పేడముద్ద పెట్టి కర్పూరం ముట్టించేవాళ్ళు. ఆ తర్వాతే తూముతో, అంటే గింజలు కొలిచే పాత్రతో, కొలత. కొలిచేటప్పుడు మొదటి తూమును "ఒకటి" అనరు. "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు... అట్లా పోతుంది లెక్క. ఒకటి అనే మాటే రాదు. ఎరువుకూ కూలీకీ పెట్టిందంతా కలిపి చూస్తే ఆ ఏడు నష్టమే అయినా సరే, మా మామ గట్టిగా "లాభం" అనే మొదలుపెట్టేవాడు. కొలిచినాక మంగలాయనకు, చాకలాయనకు, కంసలాయనకు వాళ్ళ పనికి గింజల్లో వాటా, అదే మేర, ఇచ్చేవాళ్ళు. ఇంటికి చేరేది ఆ మిగిలిందే.

కళ్ళంలోకి చెప్పులతో పోకూడదు. నెలసరి ఉన్న ఆడోళ్ళు అసలు పోకూడదు. నారు పీకింది ఆడోళ్ళే, నాటింది, కలుపు తీసింది, కోసింది ఆడోళ్ళే. రాశి అయ్యేటప్పటికి మాత్రం మేము మైల. దీనికి నాకు ఏ డాక్టరూ అర్థం చెప్పలేదు.

నాకు పెళ్ళయిన మూడో ఏడు, కార్తీకం. రాశి పోసి పెట్టుంది, కొలత తెల్లారి. నేను బయట కూర్చునుండాను, అర్థమయింది కదా. పొద్దు గూకే వేళకు తూర్పున మబ్బు లేచింది. మా జిల్లాకు ఆ నెలలో తూర్పు నుంచి వచ్చే వాన చెప్పి రాదు. మామ ఊళ్ళో లేడు. మా ఆయన ఎద్దుల్ని తోలుకొచ్చేదానికి పోయినాడు. అత్త ఒక్కతే పట్ట ఒక కొస పట్టుకుని రాశి మీద కప్పాలని చూస్తా ఉంది. గాలికి రెండో కొస ఎగిరి ఆమె మొహానికే కొడతా ఉంది. నేను కళ్ళం అంచున నిలబడి చూస్తుండాను. కాలు లోపలికి రాలేదు. అత్త ఒకసారి మబ్బుకేసి చూసింది, నాకేసి చూసింది. "గంగమ్మకు నేను చెప్పుకుంటాలేమ్మే, నువ్వు ముందు ఆ కొస పట్టుకో!" అని అరిచింది. దూకినాను. ఇద్దరం పట్ట చుట్టూ రాళ్ళు పెట్టేసరికి పెద్ద చినుకులు పడినాయి. ఒక్క గింజ తడవలేదు.

ఆ రాత్రితో మా అత్త మారిపోయింది అనుకుంటున్నారేమో. మళ్ళీ నెల నన్ను బయటే కూర్చోబెట్టింది. అడిగితే, "ఆ పొద్దు వాన కదమ్మే" అంది.

ఇప్పుడు మా ఇంట్లో ఆ పట్టింపు లేదు. నేను పోరాడి గెలిచినానని చెప్పుకుంటే మీరు చప్పట్లు కొడతారు గానీ, అది అబద్ధం. వరికోత మిషను వచ్చింది, కళ్ళమే లేకుండా పోయింది. దాంతోపాటు మేర కూడా పోయింది, అది నాకు కొంచెం బాధ. ఇప్పుడు బస్తాలు కాటా మీద పెడతారు. మొదటి బస్తాకు నేను నోట్లోనే "లాభం" అనుకుంటాను. కాటా అబ్బాయి "ఒకటి" అని రాసుకుంటాడు.

టమోటా గురించి చెప్పకపోతే మా పక్క మనిషిని అనిపించుకోను. నాటిన అరవై, డెబ్భై రోజులకు మొదటి కోత. కట్టెలు పాతాల, పురికొసతో కట్టాల, మందు కొట్టాల. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో వంద రూపాయలు దాటి ఎక్కడికో పోయింది. ఆ నెల మా చేలో ఉండింది చెనిక్కాయ. అంతకు ముందు ఒక ఏడు మాది విరగకాసింది, అప్పుడు కోత కూలికి కూడా రేటు రాలేదు. కాయలు ఆవులకు వేసినాము. మా ఆయన ఆ పంట కోసం కొండకు నడిచి వస్తానని మొక్కుకునుండాడు. రేటు రాలేదు. అయినా పోయినాడు, అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లూ ఎక్కినాడు. "ఆయన ఇవ్వలేదు కదా, మళ్ళీ నడక ఎందుకు?" అన్నాను. "రేటు ఆయన చేతిలో ఎక్కడుంది, మండీ చేతిలో ఉంది" అన్నాడు. "మరి మొక్కెందుకు?" అంటే, "నాకు నిద్ర పట్టాల కదా" అన్నాడు.

ఇంట్లో లెక్కలు నేనే రాస్తాను. పాసుపుస్తకం ఆయన పేరున ఉంది, పాల బిల్లు నా ఖాతాలో పడుతుంది. కరెంటు బిల్లు, పిల్లోళ్ళ ఫీజు, నూనె, ఉప్పు అన్నీ పాల మీదే. పంట మీద వచ్చేది అప్పులోకి పోతుంది. కాబట్టి మా ఇల్లు పొలం మీద నడుస్తుందా, పొదుగు మీద నడుస్తుందా అంటే మీరే చెప్పండి, చదువుకున్నోళ్ళు.

అడిగేది ఏమైనా ఉంటే ఇప్పుడే అడగండి. నేను రెండున్నర బస్సుకు పోవాల. సాయంత్రం పాలకు మా ఎర్రావు ఆయన చేతికి చేపదు, పాలు దించదు.